పురి లేని పోగు

సోమవారం పొద్దున తొమ్మిది గంటలకే మిషన్ దవాఖాన గేటు దగ్గర గలాటా మొదలైంది. వాచ్‌మన్ సారయ్య ఒక బక్కపలచని మనిషిని రెక్క పట్టుకుని ఆపి, అతని నోటి దగ్గర ముక్కు పెట్టి వాసన చూస్తున్నాడు. వాసనేమీ తగలకపోయేసరికి ఇంకాస్త వంగాడు. ఆ మనిషి తాగలేదని తేలితే తనకేదో నష్టం వచ్చేట్టు మొహం పెట్టాడు సారయ్య.

"పొద్దుగాల్నే ఏసుకొచ్చి తూలుతానవా? ఇది దవాఖాన అనుకున్నవా, కల్లు దుకానమనుకున్నవా?"

ఆ మనిషి గేటు ఊచ పట్టుకుని, తన పాదాల వంక చూసుకుంటూ నిలబడ్డాడు. వెనక నుంచి అతని భార్య ముందుకొచ్చింది.

"ఆయన జిందగీల కల్లు ముట్టలే అన్నా. సూదులేసుకున్నకాన్నుంచి గిట్లయిండు. నడుస్తాంటే భూమి కదులుతాంది అంటాండు. జర ఇడిసిపెట్టు."

"తాగినోని పెండ్లాలందరు గదే ముచ్చట చెప్తరు," అన్నాడు సారయ్య. అంటూనే రెక్క వదిలాడు.

ల్యాబు కిటికీలోంచి సాల్మన్ ఇదంతా చూశాడు. చూసి, మళ్ళీ గాజుపలకలు తుడుచుకునే పనిలో పడ్డాడు. ఆ దవాఖానలో పదహారేళ్ళుగా ల్యాబు టెక్నీషియన్‌గా పనిచేస్తున్నవాడికి గేటు దగ్గర గలాటాలు కొత్త కాదు. తాగివచ్చేవాళ్ళూ కొత్త కాదు. తాగకుండా తూలేవాళ్ళు ఉంటారన్నది మాత్రం అతనికి ఇంకా తట్టలేదు.

సాల్మన్‌కు ఈ లోకంలో ఉన్నది ఒక్కటే శత్రువు. నూలు. ఓరుగల్లులో పుట్టి నూలుతో పగపట్టడమంటే నీళ్ళలో ఉండి తడితో పగపట్టడమే, కానీ అతని బాధ అతనిది. ఇటు నూలు మిల్లు, అటు కాశిబుగ్గ మగ్గాలు. రోగుల జుట్టులో నూలు, కనుబొమ్మల మీద నూలు, చొక్కా మడతల్లో నూలు. సూదితో లాగిన చుక్క గాజుపలక మీద పడేలోపే ఎక్కడినుంచో ఒక పోగు వచ్చి దాని మీద వాలుతుంది. మైక్రోస్కోపు కింద అది తాడంత కనబడుతుంది. వెనుకటి పెద్ద డాక్టరు ఒకరోజు అందరి ముందూ, "ఇది స్లైడా సాల్మన్, దుప్పటా?" అన్నాడు. ఆ మాట సాల్మన్ కడుపులో పడి అరగకుండా ఉండిపోయింది. అప్పటినుంచి ప్రతి పలకనూ రంగు వేసేముందు భూతద్దంతో చూస్తాడు. కనిపించిన ప్రతి పోగునూ సన్నని చిమటాతో, చిన్న పట్టకారుతో, ఏరేస్తాడు. ఏరిన పోగును తడి పీల్చే అద్దుడు కాగితానికి తుడిచేస్తాడు. ఇప్పుడు "సాల్మన్ స్లైడంటే అద్దం" అని హైదరాబాదు నుంచి వచ్చే డాక్టర్లు కూడా అంటారు. ఆ మాట విన్నప్పుడల్లా అతను తల దించుకుని నవ్వుకుంటాడు.

డాక్టర్ విమల పిలిస్తే చేతులు తుడుచుకుని పక్కగదిలోకి వెళ్ళాడు. గేటు దగ్గరి మనిషి బల్ల మీద కూర్చుని, రెండు చేతులతో బల్ల అంచులు పట్టుకుని ఉన్నాడు. చీటీ మీద రాసి ఉంది: రాజమల్లు, నేత పని, కాశిబుగ్గ. కుడి చంకలో గడ్డ.

"ఫిబ్రవరిలో వచ్చావు కదా నువ్వు," అంది విమల. "సూదులన్నీ వేయించుకున్నావా?"

"తొంబై సూదులు డాక్టరమ్మా. ఒక్కటి ఇడువలే." రాజమల్లు చెయ్యెత్తి చూపించాడు. గడ్డ నిమ్మకాయంత ఉంది. "ఇది కరుగుతదన్నరు. ఇది గట్లనే ఉన్నది. కాళ్ళే పోయినయ్."

విమల అతన్ని నిలబెట్టి, పాదాలు దగ్గర చేర్చి, కళ్ళు మూసుకోమంది. రెప్పలు వాలాయో లేదో అతను నిలువునా పక్కకు ఒరిగాడు. సాల్మన్ పట్టుకోకపోతే గోడకు తల తగిలేది. టీబీ సూదులు కొందరికి చెవి లోపలి నరాన్ని తింటాయనీ, మనిషిని నిటారుగా నిలబెట్టేది ఆ నరమేననీ సాల్మన్‌కు తెలుసు. ఇన్నేళ్ళలో అలాంటి మనిషిని చేతులతో పట్టుకోవడం మాత్రం ఇదే మొదటిసారి.

"మళ్ళీ ఒకసారి సూది పెట్టి చూద్దాం," అంది విమల.

గడ్డను కోయకుండా, సన్నసూది గుచ్చి, రెండు చుక్కలు లాగి, జబ్బేమిటో చూసి చెప్పే పద్ధతిని ఈ దవాఖానకు తెచ్చింది ఆమే. నాలుగేళ్ళ కిందట హైదరాబాదులో నేర్చుకుని వచ్చింది. సాల్మన్ రాజమల్లు చెయ్యి పైకెత్తి పట్టుకున్నాడు. విమల గడ్డను రెండు వేళ్ళ మధ్య బిగించి, సూది దింపి, సిరంజి పిడి వెనక్కి లాగి, సూదిని లోపలే రెండుమూడుసార్లు అటూ ఇటూ కదిపింది. రాజమల్లు పళ్ళు బిగపట్టి గోడ మీది క్యాలెండరు చూస్తున్నాడు. సూది మొదట్లో బూడిదరంగు చుక్క కనబడగానే తీసేసింది.

మామూలుగా పలకలన్నీ సాల్మన్ చేతికి వెళ్తాయి. ఈసారి విమలకు ఓపిక లేకపోయింది. ఒక చుక్కను పలక మీద వేసి, పైన పల్చని గాజుబిళ్ళ కప్పి, రంగు కూడా వేయకుండా ల్యాబుకు తెచ్చి మైక్రోస్కోపు కింద పెట్టింది. సరిపోయినంత వచ్చిందో లేదో చూద్దామని.

"సాల్మన్ గారూ, ఇదేంటో చూడండి."

సాల్మన్ వంగి చూశాడు. మసకలో ఒక పొడుగాటి పోగు. అతనికి సిగ్గేసింది.

"నూలు పోగు మేడం. కాశిబుగ్గ పేషెంటు గదా. ఉండండి, తీసేస్తా." చెయ్యి అలవాటుగా జేబులోని చిమటా మీదికి వెళ్ళింది.

విమల అతని మణికట్టు పట్టుకుంది. "దాని పక్కన చూడండి. సన్నవి. కదులుతున్నాయి."

నిజంగానే కదులుతున్నాయి. పెద్ద పోగు పక్కన కంటివెంట్రుక కన్నా సన్నని పిల్లలు నాలుగైదు, కొరడా విసిరినట్టు మెలికలు తిరుగుతున్నాయి. పెద్దదాని పొట్ట నిండా అవే, చుట్టలు చుట్టుకుని ఉన్నాయి.

"ఫైలేరియా," అంది విమల. ఆమె గొంతులో సంతోషం దాగలేదు. "బోదకాలు పురుగు. చంకలో గడ్డ కట్టుకుని కూర్చుంది. పుస్తకంలో చదవడమే తప్ప నేను చూడలేదు." ఆ వెంటనే పక్కగదిలో బల్ల అంచులు పట్టుకుని కూర్చున్న మనిషి గుర్తొచ్చాడో ఏమో, ఆ సంతోషం మొహం మీదే ఆగిపోయింది. "మరి మనం టీబీ అని రాశాం."

ఫిబ్రవరి రిజిస్టరు తీసింది. తన చేతిరాతే. వాపు కణాలున్నాయి, ఎర్రరంగు గింజల కణాలు ఎక్కువగా ఉన్నాయి, టీబీ కావచ్చు, మందులు వాడి చూడవచ్చు. ఆ ఊళ్ళో గడ్డ కట్టిందంటే ముందు టీబీ అనేదే డాక్టరు నోట వస్తుంది. పదింట తొమ్మిదిసార్లు అది నిజం కూడా. చెక్కపెట్టెలోంచి పాత పలక తీసి కాంతికి పెట్టి చూసింది. తర్వాత మైక్రోస్కోపు కింద ఈ చివరి నుంచి ఆ చివరి దాకా చూసింది.

"ఏమీ లేదు. శుభ్రంగా ఉంది." నిట్టూర్చింది. "అప్పుడు సూదికి చిక్కలేదు. ఏం చేస్తాం."

సాల్మన్ మిగిలిన పలకలు స్పిరిటులో ముంచాల్సి ఉంది. ముంచాడు. గడియారం చూసి తీశాడు. రంగు వేశాడు, కడిగాడు. చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి.

ఫిబ్రవరిలో సూదికి చిక్కింది. ఆ సంగతి అతని చేతికి గుర్తుంది. గోరు వెడల్పంత పొడుగున్న తెల్లటి పోగు. చిమటాతో పట్టుకుంటే మిగతా పోగుల్లా చటుక్కున లేవలేదు. జారింది. రెండోసారి పట్టుకుంటే చుక్కలోంచి సాగుతూ వచ్చింది. ఇదేమిటింత నున్నగా ఉంది అనుకున్నాడు. నేతగాడి ఒంటి మీది పోగు కదా, గంజి పెట్టిన పోగై ఉంటుందని తనకు తానే జవాబు చెప్పుకున్నాడు. అద్దుడు కాగితానికి తుడిచాడు. కాగితాన్ని ఉండ చుట్టి చెత్తబుట్టలో వేశాడు. ఆ తర్వాత పలకను కాంతికి ఎత్తి చూసుకుని, అద్దంలా ఉందని నవ్వుకున్నాడు కూడా.

అది టీబీ కాదు, పురుగని చెప్పి విమల రాజమల్లును ఇంటికి పంపింది. పురుగు మాత్రలు దవాఖాన మందుల గదిలో లేవు. మంగళవారం సాల్మన్ ఫైలేరియా ఆఫీసుకు వెళ్ళి మూడు వారాలకు సరిపడా మాత్రలు తెచ్చాడు. "అతను ఈ స్థితిలో మళ్ళీ ఏం వస్తాడు, నేనే ఇచ్చి వస్తా మేడం," అన్నాడు. విమల అతని మంచితనానికి తలూపింది. సాల్మన్ సైకిలెక్కాడు. జరిగినదంతా చెప్పేసి రావాలన్నది అతని ఆలోచన.

కాశిబుగ్గ సందులోకి తిరగగానే రెండు వైపులా మగ్గాల చప్పుడు. రాజమల్లు ఇంటి దగ్గర మాత్రం చప్పుడు లేదు. ముందుగదిలో గుంటమగ్గం ఖాళీగా ఉంది. నేతకు సాగదీసే నిలువు పోగుల పడుగు లేదు. మగ్గం పక్క నేల మీద ఒక మూల చాప, దాని తల దగ్గర గూట్లో ఒక సత్తు పళ్ళెం, ఒక గ్లాసు. ఆ పళ్ళేనికి ఎర్రదారం ముడి వేసి ఉంది, ఇంట్లో గిన్నెలతో కలవకుండా.

రాజమల్లు భార్య అనసూయ మాత్రల పొట్లం రెండు చేతులా అందుకుంది.

"గిది టీబీ గాదా సారూ? నిజంగనేనా?"

"కాదమ్మా. అంటుకునే రోగం కాదు."

"మరి మా పద్మను తెచ్చుకోవచ్చా? రోగం తగులుతదని వర్ధన్నపేటల మా అమ్మకాడ ఇడిసిపెట్టినం. ఐదు నెలలాయె. తొమ్మిదేండ్ల పిల్ల."

"తెచ్చుకోండి," అన్నాడు సాల్మన్. ఆమె మారు మాట్లాడకుండా గూట్లోని పళ్ళెం తీసి, ఎర్రదారాన్ని పళ్ళతో తెంపి, గిన్నెల బుట్టలో వేసింది. అటు తిరిగి కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. ఆ ఇంట్లో ఐదు నెలల్లో ఇదే మొదటి మంచి మాట అయి ఉంటుంది. ఆ మాట మోసుకొచ్చింది తనైనందుకు సాల్మన్ మొహం తిప్పుకుని ఖాళీ మగ్గం వైపు చూశాడు.

రాజమల్లు గోడ పట్టుకుని లేచాడు. "పురుగు చస్తే నేను మగ్గమెక్కచ్చా సారూ? నూలిచ్చే సేటు పడుగు తీసుకపోయిండు. తూలేటోని చేతుల మాలు పెట్ట అన్నడు. నేను తాగుతాన్న అనుకుంటాండు."

"మగ్గం మీద కూర్చోగలవా?"

అదే చూపించాలన్నట్టు అతను గుంటలోకి దిగాడు. అనసూయ వద్దంది. వినలేదు. గుంటలో కాళ్ళు పెట్టి, తొక్కుడు కర్రలు ఏవి ఎక్కడున్నాయో వంగి చూసుకుని, పాదాలు వాటి మీద ఆనించాడు. లేని పడుగు మీద లేని నాడెను పోగుతో సహా అటూ ఇటూ విసురుతున్నట్టు కుడిచెయ్యి ఆడించాడు. చూపు కాళ్ళ మీద ఉన్నంతసేపూ బాగానే ఉన్నాడు. తలెత్తి ముందుకు చూడగానే పాదం కర్ర మీంచి జారింది. మనిషి ఎడమపక్కకు ఒరిగి, మగ్గం గుంజను కావలించుకుని ఆగాడు.

"నేసేటోడు కాళ్ళు చూసుకుంటడా సారూ," అన్నాడు గుంజను వదలకుండానే. "ముప్పై ఏండ్లల ఒక్కనాడు సూడలే. కాళ్ళు వాటి పని అవి చేస్తయ్, కండ్లు బట్ట మీదుంటయ్. ఇప్పుడు కండ్లు కాళ్ళ మీద పెట్టాలె. మరి బట్టనెవ్వడు సూడాలె?"

చెప్పేసి రావాలనుకున్న సాల్మన్ మాత్రలు పొద్దునొకటి, మధ్యాహ్నమొకటి, రాత్రొకటి అని మూడుసార్లు చెప్పాడు. అనసూయ ఇచ్చిన మంచినీళ్ళు తాగాడు. మగ్గాల చప్పుడు మధ్య సైకిలు తొక్కుకుంటూ వచ్చేశాడు. పిరికితనానికి మనిషి పెట్టుకునే పేర్లు చాలా ఉన్నాయి. ఆ సాయంత్రం సాల్మన్ దానికి సమయం కాదు అని పేరు పెట్టాడు.

బుధవారం విమల గదిలో మాత్రం చెప్పాడు. నిలబడే చెప్పాడు. ఆమె పెన్ను మూత పెట్టి, చివరి దాకా విన్నది.

"అది పురుగేనని మీకెలా తెలుసు? నూలు కూడా కావచ్చు కదా."

"నా చేతికి తెలుసు మేడం."

ఆమె పెన్ను పక్కన పెట్టింది. "పలక శుభ్రంగా ఉంది. దాని మీద రిపోర్టు రాసింది నేను. ఒంట్లో పురుగుంటే పెరిగే ఆ ఎర్రరంగు కణాలు అన్ని ఉన్నప్పుడు ఆ సంగతి నాకు తట్టాల్సింది. తట్టలేదు. తప్పు మీ ఒక్కరిదే కాదు. కానీ ఇప్పుడు బయటికి చెప్తే ఏమొస్తుంది? రేపటినుంచి ఎవరూ సూది పెట్టించుకోరు. ఆయన కాళ్ళు వెనక్కొస్తాయా?"

"రావా మేడం?"

"రావు. కొంత అలవాటు పడతాడు. పగటిపూట నేల చూసుకుంటూ నడుస్తాడు. చీకట్లో పడతాడు. మగ్గం..." ఆమె సొరుగు లాగి ఒక కాగితం తీసింది. "వచ్చే నెల హైదరాబాదు డాక్టర్ల మీటింగుకు ఈ కేసు రాసి పంపుతున్నాను. స్లైడ్లు అంత బాగా తయారు చేసింది మీరు. మీ పేరు కూడా వేశాను."

సాల్మన్ కాగితం చూశాడు. ఆమె పేరు కింద అతని పేరు టైపు అక్షరాల్లో ఉంది. పదహారేళ్ళలో తన పేరు టైపులో చూసుకోవడం జీతం కాగితం మీద తప్ప ఇదే మొదలు. తీసేయమని అడగాలనుకున్నాడు. అడిగితే ఎందుకని అడుగుతుంది. ఎందుకో ఆమెకు ఇప్పుడే చెప్పాడు, ఆమె వినీ విననట్టు కాగితం తీసింది. నమస్కారం పెట్టి బయటికొచ్చాడు.

గురువారం మధ్యాహ్నం రాజమల్లు మళ్ళీ వచ్చాడు. మాత్రలు మొదలుపెట్టాక జ్వరం వచ్చిందట, మందు ఒంటికి పడుతోందా లేదా అని అడుగుదామని. ఈసారి సారయ్య ఆపలేదు. ఆపకుండా, వెనకనుంచి అతని నడక చూసి పక్కవాడితో ఏదో అని నవ్వాడు. పురుగు చచ్చేటప్పుడు జ్వరం రావడం మామూలేనని విమల చెప్పి పంపింది. రాజమల్లు ఇంటికి పోలేదు. గోడ మీద చెయ్యి ఆనించుకుంటూ ల్యాబు గుమ్మం దాకా వచ్చాడు. అనసూయ వరండాలో బల్ల దగ్గర నిలబడింది.

"సారూ, పురుగంట గద. నాకు జర సూపియ్యరా? నా పెయ్యిల ఇన్నొద్దులున్నదాన్ని ఒక్కసారి సూస్త."

కాదనడానికి సాల్మన్‌కు కారణం దొరకలేదు. రంగు వేసిన పలక తీసి మైక్రోస్కోపు కింద పెట్టి, సరిచేసి, స్టూలు జరిపాడు. ఒక కన్ను మూసుకుని చూడమన్నాడు. ఒక కన్ను మూస్తే మనిషి ఒరిగిపోతున్నాడు. సాల్మన్ వెనక నిలబడి అతని రెండు భుజాలూ గట్టిగా పట్టుకున్నాడు. చొక్కా కింద ఎముకలు చేతికి తగిలాయి.

రాజమల్లు చాలాసేపు చూశాడు. ఎదుటివాడు నేసిన బట్టను చూసినట్టు, తొందర లేకుండా చూశాడు.

"నీలంగున్నది."

"ఆ రంగు మేం వేసిందే."

"లోపట గింజలు గింజలున్నయ్."

"అవి దాని పిల్లలు." సాల్మన్ భుజాలు పట్టుకుని, మొహం కనబడకుండా వెనక నిలబడ్డాడు కాబట్టే ఆ తర్వాతి మాట నోటినుంచి వచ్చింది. "చూడంగనే దీన్ని నూలు పోగనుకున్న."

రాజమల్లు కన్ను తీయకుండానే చిన్నగా నవ్వాడు. "నూలా? దీనికి పురేది సారూ? పోగంటే పురి ఉంటది. పురి లేంది పోగెట్లయితది? గా కొస సూడుండ్రి, నున్నగ దిగింది. తెగిన పోగైతే కొసకు పీచు లేస్తది."

"గంజి పెట్టిన పోగైతే?"

"గంజి పెట్టినా లేస్తది." చేత్తో తడుముకుని తన చొక్కా అంచు నుంచి ఒక పోగు తెంపి, వెనక్కి చాచి సాల్మన్ అరచేతిలో పెట్టాడు. "గిది పోగు. రెండు పక్కపక్కన పెడితే మా పద్మ గూడ చెప్తది."

సాల్మన్ అరచేతి వంక చూశాడు. భూతద్దం అక్కరలేకుండానే పోగు మీద పురి మెలిక కనబడుతోంది. తెగిన చివర సన్నటి పీచు లేచి ఉంది.

"రాజమల్లూ," అన్నాడు. "ఫిబ్రవరిల గూడ ఇది వచ్చింది. సూదిల వచ్చింది. నా చేతికే వచ్చింది. నేను నూలనుకుని ఏరి పారేసిన. డాక్టరమ్మ సూడకముందే పారేసిన. పారెయ్యకుంటే నీకు ఒక్క సూది గూడ పడకపోవు."

రాజమల్లు తలెత్తాడు. తల ఎత్తడంతో గది తిరిగినట్టుంది, బల్ల అంచు రెండు చేతులా పట్టుకుని, తిరగడం ఆగేదాకా కళ్ళు ఒకచోట నిలిపి ఉంచాడు. తిడతాడని సాల్మన్ ఎదురుచూశాడు. తిడితే బాగుండుననుకున్నాడు. కొట్టినా ఆపేవాడు కాదు.

రాజమల్లు చూపు తెరిచి ఉన్న తలుపులోంచి వరండాలోకి వెళ్ళింది. అక్కడ బల్ల మీద ఇద్దరు రోగులు కూర్చుని, చీటీలతో విసురుకుంటున్నారు.

"ఆనాడు నేను గా బల్ల మీదనే కూసున్న సారూ," అన్నాడు. గొంతులో కోపం లేదు. ఎంత ఆలోచించినా అర్థం కాని సంగతి ఒకటి అడుగుతున్నట్టు అన్నాడు. "మీరు రంగులేసేదాక, కాయిదం రాసిచ్చేదాక గాడనే కూసున్న. ఒక్కసారి పిలిస్తే చెప్పెటోన్ని గద."

సాల్మన్ చేతులు అతని భుజాల మీంచి జారిపోయాయి. రాజమల్లు స్టూలు మీంచి లేచి, బల్లను, తర్వాత తలుపును, తర్వాత గోడను పట్టుకుంటూ బయటికి నడిచాడు. వరండాలో అనసూయ భుజం అందుకున్నాడు. ఏమైందని ఆమె అడిగింది. పురుగును చూసిన అన్నాడు. ఇద్దరూ గేటు వైపు పోయారు, అతను తన పాదాలనే చూసుకుంటూ.

ల్యాబు తలుపు నుంచి ఆ బల్ల దాకా ఎన్ని అడుగులో సాల్మన్ ఎప్పుడూ చూసుకోలేదు. ఇప్పుడు పోగును పిడికిట్లో పట్టుకుని నడిచి చూశాడు. నాలుగు.